సన్నని అక్షరాల షరతు

ఒహాయో రాష్ట్ర అటార్నీ జనరల్‌గా పనిచేసిన న్యాయవాది రిచర్డ్ కార్డ్రే, 2008 ఆర్థిక సంక్షోభం తరువాత అమెరికాలో ఏర్పడిన వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థకు, అనగా బ్యాంకులూ రుణదాతలూ ఖాతాదారులతో నడిపే వ్యవహారాలపై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థకు, 2012 జనవరిలో తొలి డైరెక్టరయ్యారు. సెనేట్ ఆమోదముద్ర మాత్రం 2013 జూలై దాకా పడలేదు. ఖాతాదారులకు తెలియకుండానే వారి పేర ఖాతాలు తెరిచిన వెల్స్ ఫార్గో బ్యాంకుపై 2016లో ఈ సంస్థ విధించిన 10 కోట్ల డాలర్ల జరిమానాయే ఎక్కువగా ప్రచారానికెక్కింది గాని, ఆయనలోని న్యాయవాది పట్టు అసలు కనిపించేది 2017 జూలైలో వెలువరించిన మధ్యవర్తిత్వ నిబంధనలోనే. క్రెడిట్ కార్డు తీసుకునేవారు చదవకుండానే ఒప్పుకొనే సన్నని అక్షరాల పత్రంలో, వివాదం వస్తే కోర్టుకెక్కక ప్రైవేటు మధ్యవర్తి తీర్పుకే కట్టుబడాలన్న షరతు తరచూ ఉంటుంది. కొద్దిపాటి డాలర్ల కోసం ఒంటరిగా పోరాడేవారు అరుదు గనుక, బాధితులంతా కలిసి వేసే ఉమ్మడి దావాకు ఆ షరతు అడ్డురాకూడదని కార్డ్రే నిబంధన చెప్పింది. అక్టోబరులో ఆ నిబంధన రద్దుపై సెనేట్ ఓట్లు సరిసమానంగా చీలగా, ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఓటు రద్దు వైపు పడింది. ఎన్నికైన సభకు ఆ అధికారం ఉన్నదనడంలో వివాదం లేదు. అయితే, ఏళ్ల తరబడి ఒప్పందపత్రాలను పరిశీలించి రాసిన నిబంధనను ఒక్క ఓటు తేడాతో కొట్టివేయడం చట్టబద్ధమే తప్ప వివేకం అనిపించుకోదు. మరుసటి నెలలోనే కార్డ్రే రాజీనామా చేశారు.