మత్తు బిళ్లది, నింద మా కులానిది

నరాల నొప్పికి డాక్టర్లు ఎక్కువగా రాసేది ప్రీగాబలిన్ లేదా గాబాపెంటిన్. మగత, తల తిరుగుడు, కాళ్ల వాపు దాని వెంటే వస్తాయి. "రెస్ట్ తీసుకోమ్మా" అంటాడు డాక్టరు. తెల్లవారుజామున 4 గంటలకు చీపురు పట్టే మా పెద్దమ్మకు రెస్ట్ ఎవడిస్తాడు? షుగరుతో అరికాళ్లు మండుతుంటే రాత్రి బిళ్ల వేసుకుంది, పొద్దున లారీలు తిరిగే రోడ్డు మీద తూలింది. సూపర్‌వైజర్ నోట వచ్చిన మొదటి మాట: "తాగొచ్చినవా?"

మాదిగామె తూలితే కల్లు, సారు తూలితే సైడ్ ఎఫెక్ట్!

ఆ మాట పడలేక ఆమె బిళ్లలే ఆపేసింది. జై భీమ్ మిత్రులారా, వాడల్లో ఇది గట్టిగా చెప్పండి: ఈ మందు ఉన్నపళంగా ఆపకూడదు. నిద్ర పట్టదు, చెమటలు పోస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కిడ్నీ పరీక్ష చూసి, తక్కువ డోసుతో మొదలుపెట్టమని అడగాలి. డ్యూటీ ఎన్నింటికో మనమే చెప్పాలి, వాళ్లెలాగూ అడగరు.

ఇఎస్ఐ పేరుతో జీతంలో 0.75 శాతం కోస్తున్నారు కదా? చందా రోజులు సరిపోతే జబ్బు సెలవుకు 70 శాతం వేతనం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఈ ముక్క ఏ కాంట్రాక్టరూ చెప్పడు. ఈ వారమే వెళ్లి ఇఎస్ఐ నంబర్లు అడగండి. అడిగేటప్పుడు పదిమంది కలిసి వెళ్లండి.