వెల లేని వరం

అద్భుత కథను రచించేవారికి లేని లోకాన్ని సృష్టించే స్వేచ్ఛ ఉంది. అయితే ఆ లోకానికి తాము విధించిన నియమాన్ని తామే అతిక్రమించే స్వేచ్ఛ మాత్రం లేదు. అద్భుత సాహిత్యాన్ని ప్రేమించే పాఠకుడు ఏ గ్రంథాన్నైనా ఈ గీటురాయిపైనే పరీక్షిస్తాడు. అమెరికన్ రచయిత్రి స్టెఫనీ మేయర్ 2005 నుంచి 2008 వరకు నాలుగు నవలలుగా వెలువరించిన ‘ట్వైలైట్’ నవలామాలిక అనేక దేశాల యువతీయువకులను ఉర్రూతలూగించింది. అంతటి ఆదరణ పొందిన రచనను ఈ దృష్టితో పరిశీలించడం అవసరం.

కథాస్థలం వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్క్స్ అనే చిన్న పట్టణం. తండ్రి వద్ద ఉండడానికి అక్కడికి వచ్చిన పదిహేడేళ్ల బెల్లా తన సహాధ్యాయి ఎడ్వర్డ్‌ను ప్రేమిస్తుంది. అతడు రక్తపిశాచి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారికి చిక్కి మరణశయ్యపై ఉన్నప్పుడు కార్లైల్ అనే వైద్యుడు అతణ్ణి ఆ జాతిలో చేర్చాడు. నాటి నుంచి అతని వయస్సు పదిహేడు వద్దనే నిలిచిపోయింది. కార్లైల్ కుటుంబంవారు మనుషుల జోలికి పోక, జంతువుల రక్తంతో కాలం గడుపుతారు.

మేయర్ సృష్టించిన రక్తపిశాచాలు ఎండలో కాలిపోవు. వజ్రాల వలె మెరుస్తాయి. ఇది సంప్రదాయ విరుద్ధమని పలువురు పరిహసించారు. ఆ ఆక్షేపణకు బలం తక్కువ. 1897లో వెలువడిన బ్రామ్ స్టోకర్ నవలలోని డ్రాక్యులా పగటివేళ సంచరించగలడు. అతని శక్తులు మాత్రమే సన్నగిల్లుతాయి. సూర్యరశ్మి సోకితే రక్తపిశాచి నశిస్తుందన్న భావనకు ప్రాచుర్యం కల్పించినది 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం ‘నోస్‌ఫెరాటు’. కాలానుగుణంగా మారుతూ వచ్చిన కల్పనను మరొకరు మార్చడం దోషం కాదు. పైగా మెరుపు తమ రహస్యాన్ని బయటపెడుతుంది గనుక వారు నిత్యం మబ్బు కమ్మి ఉండే ఫోర్క్స్‌లో నివసిస్తారు. ఈ కల్పనలో చక్కని పొందిక ఉంది.

మొదటి నవలకు ప్రాణం నిగ్రహం. ప్రియురాలి రక్తగంధమే ఎడ్వర్డ్‌ను పిచ్చివాణ్ణి చేస్తుంది. ఆమెకు దగ్గరైన ప్రతి క్షణమూ అతడు తనతో తాను పోరాడవలసి వస్తుంది. కోరికకు, కరుణకు మధ్య సాగే ఈ సంఘర్షణే యౌవనంలోని పాఠకులను కట్టిపడేసింది. వారి అభిరుచిని చులకన చేయడం విజ్ఞత కాదు.

అసలు లోపం నాలుగవ నవలలో బయటపడుతుంది. కొత్తగా రక్తపిశాచిగా మారినవారు చాలాకాలం దాహంతో వివశులై ఉంటారని, అయినవారికి సైతం ప్రమాదకారులవుతారని రచయిత్రి మూడవ నవలలో విస్తారంగా వర్ణించింది. బెల్లా మారవలసి వచ్చేసరికి ఆ నియమం సడలిపోయింది. ప్రసవవేళ ఆమె మృత్యుముఖం దాకా వెళ్లిన మాట నిజమే. కాని కళ్లు తెరిచిన కొద్ది సేపటికే దాహాన్ని జయిస్తుంది. శాశ్వతంగా దూరమవుతాడనుకున్న తండ్రి దూరం కాడు. యుద్ధానికి తరలివచ్చిన వోల్టూరీ ప్రభువులు పోరు సలపకుండానే వెనుదిరుగుతారు. అమరత్వం, సౌందర్యం, సంతానం, బంధువర్గం అన్నీ ఆమెకే దక్కుతాయి. ఏమి కోల్పోవలసి వస్తుందోనని మూడు నవలల పాటు ఎదురుచూసిన పాఠకుడికి సమాధానం దొరకదు.

ప్రేమ విషయంలోనూ ఇదే జరిగింది. బెల్లా నిద్రిస్తుండగా ఎడ్వర్డ్ ఆమెకు తెలియకుండా గదిలో ప్రవేశించి చూస్తుంటాడు. స్నేహితుణ్ణి కలుసుకోనీయకుండా ఆమె వాహనంలోని భాగాన్ని ఊడదీస్తాడు. ఆమె కోపగించినా, కథ చివరకు దానిని ప్రేమాధిక్యంగానే చూపుతుంది. ఇక్కడ రక్షణ నిర్బంధంగా మారింది. రక్తదాహాన్ని అణచుకోగలిగినవాడు పెత్తనాన్ని ఎందుకు అణచుకోలేకపోయాడని కథలో ఎవరూ గట్టిగా నిలదీయరు.

1870లో రిచర్డ్ బర్టన్ బేతాళ కథలను ఆంగ్లంలో వెలువరించినప్పుడు బేతాళుణ్ణి ‘వేంపైర్’ అని పేర్కొన్నాడు. తెలుగువారు ఎరిగిన ఆ కథల్లో నియమం కఠినమైనది. సమాధానం తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుని తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. రాజు ఎంతటి పరాక్రమవంతుడైనా మినహాయింపు లేదు. ఆయన ప్రతిసారీ చెట్టు వద్దకు తిరిగి నడవవలసిందే. ఆ నడక వల్లనే ఆయన ధైర్యానికి విలువ వచ్చింది.

‘ట్వైలైట్’ను చదవరాదని ఎవరూ శాసించనక్కరలేదు. మొదటి నవలలోని నిగ్రహాన్ని మెచ్చుకుంటూనే, చివరి నవల ఇచ్చిన వరానికి వెల ఏదని అడగవచ్చు. కథను ఇష్టపడ్డ పాఠకుడికే ఆ ప్రశ్న వేసే అధికారం ఎక్కువగా ఉంది.