కాగితానికి తెలుపు, కూలీకి దుమ్ము

వార్తాపత్రిక కాగితం పలుచన. ఒక పక్క అచ్చు రెండో పక్కకు కనిపిస్తే చదవడం కష్టం. అందుకని కాగితం మిల్లులు గుజ్జులో మెత్తని రాతిపొడిని కలుపుతాయి. అది నారల నడుమ సందులు పూడ్చి తెలుపును, నునుపును ఇస్తుంది. సిరా అవతలికి దిగకుండా అడ్డుకుంటుంది. పత్రికల కాగితంలో ఈ పొడి పాలు తక్కువ. పిల్లల నోటుపుస్తకాల తెల్లకాగితంలో నూటికి 10 పాళ్లకు మించి కూడా ఉంటుంది.

చీనా మట్టి, సున్నపురాయి, బలపం రాయి ఇందుకు వాడే ముఖ్యమైన ఖనిజాలు. మన దేశపు మిల్లులు చాలాకాలం బలపం రాయి పొడినే ఎక్కువగా వాడాయి. పటిక వేసిన పుల్లని గుజ్జులో సున్నపురాయి కరుగుతుంది, బలపం రాయి నిలుస్తుంది. ఆ పద్ధతి మార్చుకున్న మిల్లులు ఇప్పుడు సున్నపురాయి పొడి వాడుతున్నాయి. తాడిపత్రి, బేతంచెర్ల ప్రాంతాల్లో ఈ రెండు రాళ్లూ దొరుకుతాయి.

రాయి మన సీమది. దాన్ని తవ్వి, పొడి చేసి, బస్తాలకెత్తే కూలీలూ మనవాళ్లే. ఆ దుమ్ములో పలుగురాయి కలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వస్తుంది. దీనికి నయం చేసే మందు లేదు. దగ్గు, ఆయాసం చూసి క్షయ అని పొరబడడం కద్దు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు సన్నని దుమ్మును ఆపలేదు.

మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసే కూలీలు ఈ జబ్బుతోనే చిన్న వయసులో రాలిపోయారు. అక్కడి ప్రభుత్వం 1982లో వారి సంక్షేమ నిధికి ప్రత్యేక చట్టం తెచ్చింది. మన కూలీలకు ఆ గతి పట్టకముందే మేలుకోవడం మంచిది.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. రాయి తొలిచేచోట నీళ్లు చల్లాలి. పొడి మరలకు మూతలు బిగించి, దుమ్మును గుంజే యంత్రాలు పెట్టాలి. కూలీలకు సరైన మాస్కులు ఇవ్వాలి. ఏటా ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఆ కాగితం వారి చేతికే ఇవ్వాలి. గనుల ప్రాంత ప్రజల మేలు కోసం 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధులు ఏర్పరిచారు. తాగునీరు, ఆరోగ్యం ఆ నిధి మొదటి బాధ్యతలు. జిల్లా అధికారులు అందులోంచి గని గ్రామాల్లో ఊపిరితిత్తుల పరీక్షలు జరిపించాలి. గ్రామసభలు తీర్మానం చేసి అడగాలి.

కాగితం తెల్లబడడానికి కూలీ ఊపిరి మూల్యం కారాదు.