ఇంజను లేని నావ
తీరయాత్రకు ప్రాణము వేగము గాదు, రేవులలోని విడిది యని నా దృఢవిశ్వాసము. లారీ, లిన్ పార్డీ దంపతులు స్వహస్తములతో నిర్మించుకొని 1968లో కాలిఫోర్నియాలో జలప్రవేశము చేయించిన ‘సెరాఫిన్’ అను సుమారు 24 అడుగుల తెరచాప నావకు ఇంజను లేకుండెను. కావున మెక్సికో తీరమున లా పాజ్ వంటి రేవులకు బోవునపుడు గాలి పడిపోయినచో, పొడవాటి తెడ్డు వేయుచునో, పోటుపాటుల వేళ నెఱిగి లంగరుపై నిలిచియో, అనుకూలవాయువు వీచువఱకు ఓపిక పట్టవలసి యుండెడిది. దీనిని కాలహరణమనువారు కలరు; నేనంగీకరింపను. ఇంజను పరుగునకు అలవడినవారు డీజిలు పోసికొని మరలిపోవు రేవులలోనే, గాలికై ఆగిన ఆలుమగలకు జాలరులతో చెలిమియు, అంగడివీథిలో కూరగాయల బేరమును, చిరిగిన తెరచాపను చెఱియొక కొస ఒడిలో బెట్టుకొని కుట్టుకొను తీరికయు లభించెడివి.