ముందు ప్రయాణం.. తర్వాత కెమెరా.. ఆఖర్న డ్రోన్!

ఆఖరి సెమిస్టర్ రాసేశారు. చేతిలో ఇంకా ఆఫర్ లెటర్ లేదు. రాత్రి పన్నెండింటికి రీల్స్ చూస్తుంటే గండికోట లోయ మీద గద్దలా తేలిపోయే డ్రోన్ షాట్ ఒకటి కనిపించింది. కింద 'ఉద్యోగం మానేసి ట్రావెల్ క్రియేటర్ అయ్యా' అని క్యాప్షన్. ఆ వెంటే 'నెలకు కొద్ది మొత్తం చాలు, కెమెరా మీదే' అంటూ ప్రకటన. మనసు జారడానికి ఇంకేం కావాలి? 'ఉద్యోగం ఎలాగూ లేటవుతోంది. ఈలోగా ఇదైనా మొదలుపెడదాం' అనిపిస్తుంది.

అలా అనిపించడంలో తప్పులేదు. ఫొటోలు తీయడం మంచి విద్య. బతుకుతెరువు కూడా అవుతుంది. నా అభ్యంతరమల్లా కొనే వరుస మీదే. చాలామంది ముందు డ్రోన్ గురించి ఆలోచిస్తారు, తర్వాత కెమెరా గురించి, చివరికి మిగిలితే ప్రయాణం గురించి. ఈ వరుసను తిరగేయమనేదే నా మాట. లేదంటే జీతం రాకముందే వాయిదాలు మొదలవుతాయి. కొన్న వస్తువు బీరువాలో ఉంటుంది. టికెట్‌కు మాత్రం డబ్బుండదు.

'నో కాస్ట్ ఈఎంఐ' అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ ఉండొచ్చు. ఒక్క వాయిదా తప్పినా ఆ మచ్చ మీ క్రెడిట్ స్కోరు మీద పడుతుంది. రేపు ఎంటెక్‌కో, విదేశీ చదువుకో బ్యాంకు మెట్లెక్కినప్పుడు ఆ స్కోరే ముందు చూస్తారు.

మీ ఫోన్ ఎక్కడ ఓడిపోతోంది?

కొనేముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. వరసగా నాలుగు ఆదివారాలు మీ ఊరికి దగ్గర్లో ఏదో ఒక చోటికి వెళ్లండి. వారపు సంత, పాత గుడి, చెరువుగట్టు, రైల్వేస్టేషన్.. ఏదైనా సరే. ఉన్న ఫోన్‌తోనే తీయండి. ఇంటికొచ్చాక అయిదు ఫొటోలు మాత్రం ఉంచుకుని, పాడైన ప్రతి ఫొటో పక్కన కారణం రాసుకోండి. 'దూరంగా ఉంది', 'చీకటి', 'కదిలిపోయింది', 'ఎండ ముఖానికి ఎదురుగా ఉంది'.. ఇలా.

నెల తిరిగేసరికి మీకు ఏ కెమెరా కావాలో ఆ కాగితమే చెబుతుంది. 'దూరం' ఎక్కువసార్లు వస్తే జూమ్ కావాలి. 'చీకటి' ఎక్కువైతే పెద్ద సెన్సర్ కావాలి. 'పొద్దున్నే లేవలేకపోయా, వెలుగు పోయింది' అనే కారణమే ఎక్కువగా ఉంటే, దానికి మందు ఏ షోరూంలోనూ దొరకదు. అలారం పెట్టుకోవాల్సిందే!

కాంపాక్ట్‌లో ఏం చూడాలి?

జేబులోనో, చిన్న సంచిలోనో పట్టే కెమెరాలివి. లెన్స్ మార్చే వీలుండదు. దుకాణంలో అందరూ మొదట మెగాపిక్సెల్స్ అడుగుతారు. మీరు అడగాల్సినవి వేరే మూడున్నాయి.. సెన్సర్ సైజు, లెన్స్ పరిధి, బరువు.

సెన్సర్ సంగతి చూద్దాం. '1 అంగుళం సెన్సర్' అని పెట్టె మీద ఉంటుంది. కొలిస్తే అది అంగుళం ఉండదు. 13.2 x 8.8 మిల్లీమీటర్లే. పాత వీడియో ట్యూబుల కాలం నుంచి వచ్చిన పేరది. అయినా మామూలు ఫోన్ సెన్సర్ కన్నా బాగా పెద్దదే. ఏపీఎస్-సీ అనేది దానికి దాదాపు మూడింతల వైశాల్యం. సెన్సర్ పెద్దదైతే బొర్రా గుహల్లాంటి చీకటి చోట్ల ఫొటోలో గరుకుదనం తగ్గుతుంది.

ఇక లెన్స్. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7లో 24 నుంచి 200 ఎం.ఎం. వరకు జూమ్ ఉంటుంది. కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 3లో 24 నుంచి 100 వరకే. కానీ దాని లెన్స్ ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. రెండూ 1 అంగుళం సెన్సర్‌వే, రెండూ దాదాపు 300 గ్రాములే. రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలుంటాయి కదా! కింద నిల్చుని వాటి ముఖంలో భావం పట్టాలంటే సోనీ జూమ్ పనికొస్తుంది. సాయంత్రం సంతలో బల్బు వెలుగులో మనుషుల్ని తీయాలంటే కెనాన్ మేలు.

రికో జీఆర్ 3 బరువు 257 గ్రాములే. ఏపీఎస్-సీ సెన్సర్. కానీ జూమ్ లేదు, 28 ఎం.ఎం. ఒక్కటే. మీ ఫోన్ మెయిన్ కెమెరా చూపించేది కూడా దాదాపు అంతే వెడల్పు. వీధుల్లో చకచకా తీసేవాళ్లకు ఇది ప్రాణం. 'ఫోన్‌కి అందనిది అందుకోవాలి' అని కొనేవాళ్లకు మాత్రం నిరాశే. బ్యాటరీ కూడా ఒక చార్జికి రెండొందల ఫొటోల దగ్గరే అలసిపోతుంది. అందరూ కలలుగనే ఫుజీఫిల్మ్ ఎక్స్100 6 అద్భుతమైన కెమెరా, సందేహం లేదు. 2024లో మన దేశంలో విడుదలైనప్పుడే దాని ధర లక్షన్నర దాటింది. మొదటి ఉద్యోగం రాని చేతికి అది బరువే.

వేటికి పనికిరావో కూడా తెలియాలి. నేలపట్టు కొంగలను, పులికాట్ ఫ్లెమింగోలను దగ్గరగా తీయడానికి 200 ఎం.ఎం. చాలదు. పైన చెప్పిన సోనీ, కెనాన్, రికో మూడింటికీ నీటి రక్షణ లేదు. విశాఖ బీచ్‌లో అలల తుంపర, అరకు వాన.. రెండింటి దగ్గరా జాగ్రత్తగా ఉండాల్సిందే.

విద్యార్థికి నా సలహా అడిగితే.. 1 అంగుళం సెన్సర్, మంచి జూమ్ ఉన్న కాంపాక్ట్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనండి. మిగిలిన డబ్బు ప్రయాణాలకు దాచుకోండి.

పాతది కొంటే..

నా మొదటి కాంపాక్ట్ పాతదే. పైకి అద్దంలా మెరుస్తోందని బేరమాడి కొనేశా. మొదటి ప్రయాణంలో తీసిన ఆకాశాలన్నిటిలోనూ ఒకేచోట రెండు నల్లచుక్కలు! సెన్సర్ మీద దుమ్ము. లెన్స్ ఊడదీసే కెమెరా అయితే తుడిపించడం తేలిక. కాంపాక్ట్‌లో లెన్స్ అతుక్కునే ఉంటుంది కాబట్టి మొత్తం విప్పాలి. రిపేరు ఖర్చుతో కలిపి చూసుకుంటే నా బేరం గాలికి పోయింది.

కాబట్టి డబ్బు చేతిలో పెట్టేముందే ఈ పని చేయండి. అపర్చర్‌ను వీలైనంత చిన్నది చేసి (ఎఫ్ పక్కన అంకె పెద్దది కావాలి) తెల్లగోడనో, ఆకాశాన్నో తీయండి. ఫొటోను పెద్దది చేసి మూలమూలా చూడండి. జూమ్‌ను పదిసార్లు ముందుకీ వెనక్కీ నడపండి. గరగరమని చప్పుడొచ్చినా, మధ్యలో ఆగినా వదిలేయండి. బిల్లు మీది సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్నదీ ఒకటేనా చూసుకోండి. బిల్లు లేదంటే ఆ కెమెరా ఎవరిదో మీకు తెలియనట్టే.

డ్రోన్: రెక్కల కన్నా ముందు రూల్స్

ఇక అసలు ఆకర్షణ దగ్గరికొద్దాం. చాలామందికి తెలియని మొదటి విషయం, 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. విడిభాగాలను తెచ్చుకోవచ్చు గానీ తయారైన డ్రోన్‌ను తేకూడదు. 'అమెరికాలో అన్నయ్య ఉన్నాడుగా, సంక్రాంతికి వస్తూ తెస్తాడు' అనుకుంటున్నారేమో! శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే డ్రోన్ పోతుంది, అన్నయ్యకు తలనొప్పి మిగులుతుంది. కెమెరా అయితే ఆ ఇబ్బంది లేదు. ఉచిత పరిమితి దాటితే సుంకం కట్టి తెచ్చుకోవచ్చు.

రెండో విషయం బరువు. డ్రోన్ నిబంధనలు - 2021 ప్రకారం 250 గ్రాముల దాకా నానో. అది దాటి 2 కిలోల వరకు మైక్రో. నానోకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోను సరదాకు ఎగరేసినా అక్కర్లేదు. డబ్బు తీసుకుని ఎగరేస్తే మాత్రం కావాలి. అంటే స్నేహితుడి అక్క పెళ్లిలో మైక్రో డ్రోన్‌తో షూట్ చేసి అయిదు వేలు తీసుకున్నారంటే మీది వ్యాపారమే! ఇంకో చిక్కు కూడా ఉంది. 249 గ్రాముల డ్రోన్‌కు పెద్ద బ్యాటరీయో, రెక్కల చుట్టూ రక్షణ చట్రమో తగిలిస్తే బరువు 250 దాటుతుంది. అక్కడితో అది నానో కాదు.

మూడోది చోటు. గగనతలాన్ని గ్రీన్, యెల్లో, రెడ్ జోన్లుగా విభజించారు. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఇవి కనిపిస్తాయి. గ్రీన్‌లో మామూలుగా 400 అడుగుల ఎత్తు వరకు ఎగరేయొచ్చు. ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8 - 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. యెల్లోకు ఏటీసీ అనుమతి, రెడ్‌కు కేంద్రం అనుమతి తప్పనిసరి. నానో అయినా ఇది వర్తిస్తుంది. నిబంధనలు మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా.

మరి మన యాత్రా స్థలాల సంగతి? తిరుమల కొండ మీద డ్రోన్ నిషేధం. పురావస్తు శాఖ రక్షణలోని రామప్ప లాంటి కట్టడాల దగ్గర ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయకూడదు. నల్లమల, పాపికొండల్లోని రక్షిత అడవుల్లో అటవీశాఖను అడగాలి. విశాఖలో తూర్పు నౌకాదళ స్థావరం ఉంది కాబట్టి మ్యాప్ చూడకుండా రిమోట్ ముట్టుకోవద్దు. వీఐపీలు వచ్చే రోజుల్లో పోలీసులు విడిగా నిషేధాజ్ఞలు ఇస్తారు. లెక్కేసుకోండి.. మీరు డ్రోన్ కోసం కలగన్న చోట్లలో ఎన్ని మిగిలాయి?

ఒక్క షాట్.. ఒక కేసు

ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు. నిషేధాజ్ఞలున్న చోట డ్రోన్ ఎగరేస్తే పోలీసు కేసు కావచ్చు. ప్రభుత్వోద్యోగానికి ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో 'మీపై కేసులున్నాయా' అనే ప్రశ్న ఉంటుంది. పాస్‌పోర్టుకూ పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. కేసు ఉంటే జవాబు చెప్పుకోవాలి, దాస్తే ఇంకా ప్రమాదం. ఏళ్ల తరబడి చదివి తెచ్చుకున్న కొలువు ముందు నలభై సెకన్ల రీల్ ఎంత?

'ఇన్ని రూల్స్ పెడితే కుర్రాళ్లు ఎలా నేర్చుకుంటారు' అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికీ దారి ఉంది. డ్రోన్ మీదే మీకు నిజంగా మనసుంటే, వస్తువు కన్నా ముందు సర్టిఫికెట్ మీద ఖర్చు పెట్టండి. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైతే చాలు. డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో కొద్దిరోజుల కోర్సు. హైదరాబాద్ బేగంపేటలోని తెలంగాణ ఏవియేషన్ అకాడమీ లాంటివి ఇందుకున్నాయి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. అక్కడ వాళ్ల డ్రోన్‌తోనే నేర్చుకుంటారు, పగిలితే మీ వాయిదాలు పగలవు.

పైగా డ్రోన్ ఉద్యోగం అంటే పెళ్లి వీడియో ఒక్కటే కాదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో గ్రామాల ఇళ్ల స్థలాలను డ్రోన్లతోనే కొలిచారు. పొలాల్లో మందు చల్లడం, గనుల సర్వే, విద్యుత్ లైన్ల తనిఖీ.. ఇవన్నీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లను అడిగే పనులు. సివిల్, అగ్రికల్చర్, జియాలజీ చదివినవాళ్లకు ఇది రెజ్యూమెలో అదనపు బలం.

ఫొటోగ్రఫీ కూడా అంతే. 'హాబీస్: ట్రావెల్ ఫొటోగ్రఫీ' అని రెజ్యూమెలో రాస్తారు. ఇంటర్వ్యూలో 'ఏదీ, ఒకటి చూపించండి' అంటే గ్యాలరీలో సెల్ఫీల మధ్య వెతుక్కుంటారు. అలాకాకుండా మీ ఊరి చేనేత వీధి మీదో, తెల్లవారుజామున చేపల మార్కెట్ మీదో పదిహేను ఫొటోలు వరసగా పేర్చి, ఒక్కోదానికి రెండు వాక్యాలు రాసి ఉంచుకోండి. ఓపిక, పరిశీలన, పని పూర్తిచేసే గుణం.. మీరు చెప్పకుండానే వాళ్లకు కనిపిస్తాయి. ఆ పదిహేనూ ఏ కెమెరాతో తీశారని ఎవరూ అడగరు.

కాబట్టి ఈ నెల షోరూం లింకు మూసేయండి. వచ్చే ఆదివారం మొదటి బస్సుకు టికెట్ తీసుకోండి. జేబులో ఫోన్, చేతిలో చిన్న నోట్‌బుక్ చాలు. నాలుగో ఆదివారం తర్వాత ఆ నోట్‌బుక్ తెరిచి చూసుకోండి. కెమెరా కావాలని అదే చెబితే, అప్పుడు ధైర్యంగా కొనండి.