ముప్పు ఎవరిదో లెక్క వారిది: దుత్తలూరు మెట్ట ఊళ్ల సంఘాల ప్రణాళిక

విదేశీ నిధులతో నడిచే అభివృద్ధి కార్యక్రమాల పత్రాల్లో ముప్పు అంటే డబ్బు పక్కదారి పట్టడం, గడువులోగా పని పూర్తికాకపోవడం, ఆడిట్‌లో అభ్యంతరం రావడం. నెల్లూరు జిల్లా దుత్తలూరు మండలపు మెట్ట ఊళ్లలో ముప్పు అంటే అదునుకు వాన పడకపోవడం, అప్పు చేసి వేయించిన బోరులో చుక్క పడకపోవడం, కలిగిరికో డి.సి.పల్లికో వేలానికి తీసుకెళ్లిన పొగాకు బేలుకు గిట్టుబాటు ధర రాకపోవడం. మొదటి రకం ముప్పుకు పట్టికలుంటాయి, వాటిని చూసుకునే అధికారులుంటారు. రెండో రకానికి చాలాసార్లు ఒక్క పేరా దక్కుతుంది. ఈ ఊళ్ల పొదుపు సంఘాలు, చెరువు ఆయకట్టు సంఘాలు నిలబడే మొదటి సూత్రం ఇక్కడే పుడుతుంది. నష్టం ఎవరి మీద పడుతుందో, ముప్పును లెక్కగట్టే పని వాళ్ల దగ్గరే మొదలుకావాలి.

సహాయం చేసే దేశాల కోసం ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ ముప్పును మూడు రకాలుగా విడదీసింది. కరవు, తుఫాను, రాజకీయ మార్పు వంటివి ఆ చోటికి సంబంధించిన ముప్పు. తలపెట్టిన పని ఫలించకపోవడం, లేదా మేలు బదులు కీడు చేయడం కార్యక్రమానికి సంబంధించిన ముప్పు. డబ్బు పోవడం, పేరు చెడడం సంస్థకు సంబంధించిన ముప్పు. విభజన సరైనదే. ఆచరణలో మాత్రం మూడోది మిగతా రెండింటినీ మింగేస్తుంది. మాట పడకూడదన్న భయంతో నిధులిచ్చే సంస్థ ఫొటోకు అందే పనుల వైపు, హాజరు పట్టీలో కనిపించే శిక్షణల వైపు మొగ్గుతుంది. సంస్థ ముప్పు తగ్గుతుంది, రైతు ముప్పు ఉన్నచోటే ఉంటుంది. అందువల్ల ఏ కార్యక్రమమైనా ఊళ్లో అడుగుపెట్టే ముందు ఒక కాగితం తెలుగులో రాసి గ్రామసభలో చదవాలి. పని చెడితే ఎవరికి ఎంత నష్టం, ఆ నష్టంలో కార్యక్రమం భరించేదెంత అన్నది అందులో ఉండాలి. ఆ కాగితం లేని పనికి సంఘాల సంతకం ఉండదు.

నేల, వాన

నెల్లూరు జిల్లా పడమటి మండలాలకు ఈశాన్య రుతుపవనాలే ప్రధానమైన ఆసరా. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలను బట్టి చెరువులు నిండడమో, ఎండడమో జరుగుతుంది. చెరువు నింపే వానే కట్టనూ తెంపగలదు. 2021 నవంబరులో పెన్నా వరద జిల్లాను ముంచెత్తినప్పుడు నీళ్ల కోసం ఎదురుచూసే జిల్లాయే నీళ్ల వల్ల నష్టపోయింది. కాబట్టి ఇక్కడ కరవును ఒక శాఖ, వరదను మరో శాఖ చూసుకోవడం పనికిరాదు. కలుజు మరమ్మతు, తూము మరమ్మతు, సప్లై ఛానల్ పూడికతీత ఒకే పనిగా సాగాలి. బోరు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల తాగునీటిలో ఫ్లోరైడ్ సమస్య కూడా తోడవుతుంది. చెరువు నిండితే చుట్టూ ఉన్న బావుల్లోకి నీళ్లొస్తాయి గనుక సాగునీటి పని తాగునీటి పని కూడా అవుతుంది.

సామర్థ్యం

సామర్థ్యం పెంచడం అనే మాట ఎంత వాడుకలోకి వచ్చిందో అంత పలచబడింది. మూడు రోజుల శిక్షణ, భోజనం, సంచి, సర్టిఫికెట్ ఇచ్చి సామర్థ్యం పెరిగినట్టు రాసుకోవడం మామూలైపోయింది. ఈ ప్రాంతం చరిత్రలో సామర్థ్యానికి ఇంతకంటే గట్టి కొలత ఉంది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడికి వచ్చిన కూలి ఆడవాళ్లు వాచకంలోని పాఠాల మీద మాట్లాడుకుంటూ తమ ఇళ్లలో సారా చేస్తున్న నాశనం దగ్గరకు వచ్చారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ వంటి వాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకి సారా వేలం పాటలను అడ్డుకునే వరకు వెళ్లింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలిపోయింది.

అక్షరాస్యత కోసం వేసిన లక్ష్యాల్లో సారా దుకాణం మూత లేదు. చదువు నేర్చిన మనిషి ఏ పనికి దాన్ని వాడుకుంటుందో ముందుగా రాసిపెట్టడం ఎవరి తరమూ కాదు. నిజమైన సామర్థ్యానికి గుర్తు అదే. నేర్పినవాళ్లు అనుకోని పని నేర్చుకున్నవాళ్లు చేయగలగాలి, అందులో ప్రభుత్వానికీ నిధులిచ్చినవాళ్లకూ కాదని చెప్పడమూ ఉంటుంది. సారా నుంచి మిగిలిన డబ్బును రోజుకు ఒక రూపాయి చొప్పున దాచిన పొదుపులక్ష్మి సంఘాలు ఆ తర్వాత ఇదే జిల్లాలో వచ్చాయి. బయటి పెట్టుబడి ఒక్క రూపాయి లేకుండా మొదలైన పొదుపు అది. రాష్ట్రంలో డ్వాక్రా విస్తరించడానికి ఆ అనుభవం దారి చూపింది.

నీటి లెక్క చెప్పిన పాఠం

ముప్పును తగ్గించడం, సామర్థ్యం పెంచడం ఒకే పనిగా ఎలా చేయవచ్చో చూపిన అనుభవం భూగర్భ జలాలది. దాని వెనక ఒక పొరపాటు నుంచి నేర్చుకున్న కథ ఉంది. నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో 1995లో మొదలైన ఏపీవెల్ ప్రాజెక్టు ఏడు కరవు జిల్లాల్లో చిన్న, సన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేసింది. మూడు వేలకు పైగా బోర్లు పడ్డాయి. అయితే చుట్టూ సొంత బోర్లు వేసుకునేవాళ్లు ఆగలేదు, నీటిమట్టం దిగుతూనే పోయింది. బోరు ఇవ్వడం తేలిక, నీళ్లు ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదు. ఈ ఎరుకతో 2003లో రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల ప్రాజెక్టు అదే ఏడు జిల్లాల్లో మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండతో పాటు దుత్తలూరుకు అప్పటి పొరుగు జిల్లా ప్రకాశం కూడా అందులో ఉంది. నెల్లూరు లేదు. డబ్బు నెదర్లాండ్స్‌ది, సాంకేతిక బాధ్యత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థది. నంద్యాలలోని బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ మిగతా సంస్థలను సమన్వయపరిచింది.

ఆ ప్రాజెక్టు బోరు వేయలేదు, పంటకు సబ్సిడీ ఇవ్వలేదు, ఎవరినీ ఫలానా పంట వేయమని శాసించలేదు. రైతుల చేతికి వానకొలమాని ఇచ్చింది, బోరులో నీటిమట్టం కొలిచే పరికరం ఇచ్చింది. ఆడా మగా కలిసి రోజూ వాన, పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాశారు, ఊరి గోడ మీదా రాశారు. ఒకే వాగు పరివాహకంలో ఉన్న ఊళ్లు కలిసి రబీకి ముందు పంటల నీటి బడ్జెట్ వేసుకున్నాయి. అందులోని లెక్క అందరికీ అందేదే. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. అందులో భూమిలోకి దిగేదెంత, వాడుకుని మిగిలిందెంత అన్నది ఒకవైపు, వేయదలచిన పంటలకు కావలసిన నీళ్లు మరోవైపు. వరికి వెయ్యి మిల్లీమీటర్లకు పైనే కావాలి, సెనగకు అందులో దాదాపు నాలుగో వంతు చాలు. లోటు గోడ మీద కనపడినప్పుడు ఎవరి పొలం గురించి వాళ్లే నిర్ణయించుకున్నారు. చాలాచోట్ల వరి విస్తీర్ణం తగ్గి ఆరుతడి పంటలు పెరిగాయి. రైతు చూసుకున్నది తన పంట ఎండిపోకుండా కాపాడుకోవడమే, ఊరి భూగర్భ జలం దాని వెంట నిలిచింది.

డబ్బు ఆగిపోయాక వెళ్లి చూసిన పరిశోధకులు ఒకే మాట చెప్పలేదు. కొన్నిచోట్ల కొలత కొనసాగింది, కొన్నిచోట్ల కొలిచేవాళ్లు లేక పుస్తకాలు ఆగిపోయాయి. అందువల్ల సంఘాలు పెట్టుకునే నియమం ఇది. కార్యక్రమాన్ని పరీక్షించేది అది ముగిసిన తర్వాతి ఏడాదే. వానకొలమాని పగిలితే కొత్తది సంఘం పొదుపులోంచి కొనాలి. కొలిచేవాళ్లు ఊరికి ఇద్దరు ఉండాలి, వారిలో ఒకరు మహిళ. జీతం ఇచ్చి కొలిపించే పద్ధతి మొదలుపెట్టకూడదు, జీతం ఆగిన రోజే కొలత ఆగుతుంది.

దుత్తలూరులో ఈ లెక్కకు ఒక మార్పు అవసరం. రబీ పంట పెట్టే వేళకు ఇక్కడ వాన ఇంకా సగంలో ఉంటుంది. ఒకే బడ్జెట్ చాలదు. అక్టోబరు నడుమ చెరువులో, బావిలో ఉన్న నీటిని బట్టి మొదటి లెక్క, డిసెంబరు నడుమ వానలు వెనక్కి తగ్గాక రెండో లెక్క వేయాలి. మొదటి లెక్కలో నీళ్లు చాలని చోట ఎక్కువ తడులు అడిగే పంట మొత్తం పొలంలో పెట్టకుండా కొంత నేలను రెండో లెక్క వరకు ఆపడం మేలు.

కొలత ఎక్కడ జరుగుతుందన్నది ముఖ్యమని బీమా విషయంలోనూ తేలింది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థలు ప్రపంచ బ్యాంకు సాంకేతిక సహాయంతో దేశంలోనే మొదటిసారిగా వర్షపాత ఆధారిత బీమాను వేరుశనగ, ఆముదం రైతులకు తెచ్చాయి. వాన తగ్గితే పొలం చూడకుండానే పరిహారం ఇవ్వడం అందులో మేలు. వాన కొలిచే చోటు రైతు పొలానికి దూరంగా ఉండడం లోపం. అక్కడ కురిసి ఇక్కడ కురవకపోతే పంట పోతుంది, పరిహారం రాదు. ఊరి వానకొలమాని లెక్కను బీమా సంస్థ గుర్తించాలని సంఘాలు కోరతాయి. గుర్తించకపోయినా ఆ లెక్క రాయడం ఆపవు.

అప్పు

2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల సంక్షోభం వచ్చేనాటికి విదేశీ పెట్టుబడులు పేద మహిళల అప్పుల్లోకి వచ్చి చేరాయి. ఒకే మనిషికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి, వారం వారం వాయిదాలు వసూలు చేశాయి, ఒకరు కట్టకపోతే తోటివాళ్ల చేత ఒత్తిడి చేయించాయి. ఆత్మహత్యల వార్తల నడుమ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదాలు నెలవారీగా, వసూలు గ్రామపంచాయతీ వంటి బహిరంగ స్థలంలో జరగాలని, వడ్డీ అసలును మించకూడదని నియమం పెట్టింది. అప్పు ఇచ్చినవాళ్ల ముప్పు పత్రాల్లో తిరిగి చెల్లింపు నూటికి నూరు శాతానికి దగ్గరగా కనిపించేది. ఆ చెల్లింపు మరో అప్పు నుంచి వచ్చిందన్న సంగతి సంఘం పుస్తకం చూస్తేనే తెలిసేది.

కాబట్టి క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలకు సంఘాలు మరొకటి చేర్చుకుంటాయి. సభ్యురాలి బయటి అప్పులన్నీ ఆమె ఇష్టంతో సంఘం పుస్తకంలో ఎక్కాలి. ఆ వివరం ఆమెను నిలదీయడానికి కాదు, వాయిదా కట్టడానికే కొత్త అప్పు చేసే దశకు ఆమె రాకముందే ఆదుకోవడానికి. భూమి లేనివాళ్లూ, గొర్రెలు కాచేవాళ్లూ ఈ పుస్తకంలో భూమి ఉన్నవాళ్లతో సమానం.

ఊరికి కనిపించని అప్పు కూడా ఒకటి ఉంది. 2007 నాటి సామాజిక చెరువుల యాజమాన్య ప్రాజెక్టు, 2018లో 17.22 కోట్ల డాలర్ల రుణంతో సుమారు 1,000 చిన్ననీటి వనరుల కోసం ఆమోదం పొందిన సమగ్ర సాగునీటి, వ్యవసాయ పరివర్తన ప్రాజెక్టు, రెండూ ప్రపంచ బ్యాంకు అప్పుతోనే నడిచాయి. 2005 నుంచి ఇలాంటి రుణాలను కేంద్రం అవే షరతులతో రాష్ట్రాలకు బదలాయిస్తోంది, డాలరు విలువ పెరిగితే ఆ భారం రాష్ట్రానిదే. ఇది దానం కాదు, పన్ను కట్టే ప్రతివాళ్లూ తీర్చే అప్పు. చెరువు పని అంచనా, కొలతల పుస్తకం, బిల్లు అడిగి చూసే హక్కు ఆయకట్టుదారుకు ఉన్నది అందుకే. ప్రపంచ బ్యాంకు నిధుల పని వల్ల కీడు జరిగితే 1993లో ఏర్పడిన దాని తనిఖీ సంఘానికి బాధితులు ఇద్దరు కలిసి లేఖ రాయవచ్చు. ఆ సంగతి ప్రతి చెరువు సంఘం గోడ మీదా తెలుగులో ఉండాలి.

విరాళాల దారి వేరు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థల ద్వారా నిధులు అందుకుంటూ ఊళ్లలో పనిచేసిన చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. ఒకే విరాళం మీద ఆధారపడిన కార్యకర్త జీతం, వాహనం, కార్యాలయం ఒక్క సవరణతో పోగలవు. సంఘం ప్రాణం వాటిలో ఉండకూడదు.

సంఘాలు తమ మీద పెట్టుకునే బాధ్యతలు

పుస్తకం రాసే మనిషి రెండేళ్లకోసారి మారాలి. ఒక్కరికే లెక్క వస్తే సంఘానికి వచ్చినట్టు కాదు. చెడిపోయిన పని కూడా పుస్తకంలో ఎక్కాలి, ఎందుకు చెడిందో పక్కనే ఉండాలి. ఎండిపోయిన బోర్ల లోతు, వేసిన ఏడాది, పడిన ఖర్చు ఊరి పటంలో గుర్తించాలి, ఆ పటం చూడకుండా కొత్త బోరుకు సంఘం అప్పు ఇవ్వదు. సంఘాలకు పనికిరాని షరతుతో వచ్చిన నిధిని తిప్పి పంపిన సందర్భాన్నీ అంతే శ్రద్ధగా రాయాలి.

ఏటా జ్యేష్ఠంలో నర్రవాడ వెంగమాంబ బ్రహ్మోత్సవాలు ముగిసిన వారంలో, ఖరీఫ్ పనులు ఊపందుకోకముందు, ఈ ప్రణాళికను సంఘాలు మళ్లీ చదివి, కాలం చెల్లిన నియమాలను కొట్టివేసి, ఆ ఏటి వాన లెక్కను చివరి పుటలో చేరుస్తాయి.