యజమాని గతించిన ఇంట తుపాకి

సంపాదకులకు,



తుపాకి లైసెన్సులను గూర్చి మన పత్రికలలో చర్చ వచ్చినప్పుడెల్ల, వానిని ఎవరికి ఈయవలెను, ఎవరికి నిరాకరింపవలెను అనునంతటితోనే అది ముగియుచున్నది. లైసెన్సుదారు కాలధర్మము నొందిన పిమ్మట ఆ ఇంట మిగిలిన ఆయుధము గతి యేమి? నా మనవి దానిని గూర్చియే.

1959 నాటి ఆయుధముల చట్టము అనుమతి నొసగుటలో మిక్కిలి జాగరూకత వహించినది. అర్జీదారునకు 21 ఏండ్లు నిండియుండవలెను; ఠాణా అధికారి విచారించి నివేదిక పంపవలెను; మతిస్థిమితము లేనివానికిని, ప్రజాభద్రతకు చేటు కలిగించునని తోచినవానికిని లైసెన్సు నిరాకరింపబడును. ఆస్తి చాలదను ఒక్క కారణమున మాత్రము త్రోసిపుచ్చరాదని ఆ చట్టమే విధించుట నాకెంతయు న్యాయముగా తోచును. ప్రాణభయమునకు కలవాడు, లేనివాడు అను భేదము లేదు గదా!

ఇంతగా పరీక్షించి ఇచ్చిన అనుమతి ఆ మనుష్యునకే గాని ఆ ఇంటికి కాదు. పొలము, పశువులు వారసులకు సంక్రమించినట్లు తుపాకి నుంచుకొను హక్కు సంక్రమింపదు. స్వాధీనము చట్టబద్ధము కాకపోయిన వెంటనే, అనవసరమగు జాప్యము లేక, సమీపపు ఠాణాలోగాని లైసెన్సు గల ఆయుధ వర్తకుని యొద్దగాని దానిని అప్పగింపవలెనని 21వ సెక్షను చెప్పుచున్నది.

ఆచరణమో! మా ప్రాంతమున ఒక పెద్దాయన, అడవిపందుల బెడదనుండి పంటను కాచుకొనుటకై లైసెన్సు తీసికొని యుంచుకొన్న తుపాకి, ఆయన సంవత్సరీకము జరిగిన పిదపకూడ, పాత పంచెలో చుట్టబడి బీరువా వెనుక నిలబడియుండెను. తూటాల డబ్బా ధాన్యపుగది అటకమీద నుండెను. ఆ గదిలోనే పిల్లలు దాగుడుమూతలాడుచుండిరి. "నాన్నగారి లైసెన్సు ఉన్నది కదండీ" అని పెద్దకుమారుడు ఆ పుస్తకమును తీసి, గడువింకను తీరలేదని నాకు చూపెను. ఆ కుటుంబము దుష్టమైనది కాదు. చట్టము తెలియక కొంతయు, ఇంత ఆలస్యముగా ఠాణాకు పోయినచో తమమీదనే కేసు పెట్టుదురేమో యను భయమున కొంతయు మిన్నకున్నది.

ఆయుధముల చట్టమునకు 2019లో జరిగిన సవరణచే లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగినందున, మరణించినవాని పేర పత్రము చెల్లుచున్నట్లు కనబడు కాలమును పెరిగినది. కావున పంచాయతీలోగాని పురపాలక సంఘములోగాని మరణము నమోదైన నాడే, మృతునకు లైసెన్సు కలదేమో కలెక్టరు కార్యాలయమునకు, నగరములలో పోలీసు కమీషనరునకు తెలియు ఏర్పాటు ప్రభుత్వము చేయవలెను. లైసెన్సుదారులకు ప్రత్యేక సంఖ్యలతో జాతీయ పట్టిక ఇదివరకే యున్నది. రెండు పట్టికలను సరిచూచుట అసాధ్యమైన పని కాదు. లైసెన్సుదారునకు 70 ఏండ్లు నిండినచో, ఆయన జీవించియుండగనే అర్హుడగు వారసుని పేర లైసెన్సు కోరుటకు 2016 నాటి ఆయుధముల నియమములలో వీలు గలదు. పునరుద్ధరణకు వచ్చు వృద్ధులకు ఈ సంగతి అధికారులే చెప్పవలెను. ఇక తమంతట తాము తుపాకి తెచ్చి యప్పగించు వారసులను నేరస్థులవలె ప్రశ్నింపక, అక్కడికక్కడే రసీదు వ్రాసియిచ్చి, దానిని తిరిగి పొందుటకో అర్హునకు అమ్ముకొనుటకో ఏమి చేయవలెనో తెలుగున అచ్చువేసిన కాగితమొకటి వారి చేతికీయవలెను.

ఇట్లు,
ఒక పాఠకుడు